కోడిపిల్లల్లో పుంజునూ పెట్టనూ ముందే గుర్తించడం: పద్ధతులు, పరిమితులు, డాలీగంజ్ అవసరం

కోడిపిల్ల గుడ్డు చీల్చుకుని బయటపడిన రోజున అది పుంజో పెట్టో మామూలు కంటికి తెలియదు. నూగు ఒకటే, అరుపు ఒకటే, అరచేతిలో పెట్టుకుంటే బరువూ ఒకటే. తురాయి ఎర్రబడి, మెడ ఈకలు సాగి, కూత మొదలయ్యేసరికి వారాలూ నెలలూ గడుస్తాయి. ఆలోపే, వీలైతే పుట్టిన రోజే, రెంటినీ వేరు చేయడాన్ని కోళ్ల పెంపకంలో లింగ నిర్ధారణ అంటారు. పెద్ద హేచరీల్లో అది రోజువారీ పని. పెరట్లో పది కోళ్లు పెంచుకునే ఇంటికి మాత్రం అది పిల్లల్ని కొన్న ప్రతిసారీ ఎదురయ్యే సందేహం. అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీవిజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊళ్లో, పశుసంవర్ధక శాఖ కోళ్ల ఫారం ఉన్న పేట డాలీగంజ్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. కాబట్టి ‘ఇందులో పెట్టలెన్ని?’ అన్న ప్రశ్న ఇక్కడ తెలుగులోనూ వినబడేదే. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు లోకంలో ఉన్న జవాబులన్నిటినీ పరిశీలించి ఒక నిర్ణయానికి వస్తుంది. లింగాన్ని ఎంత ముందుగా గుర్తించగలమన్నది సగం ప్రశ్న మాత్రమే. ఏ వయసులో తెలియాలి, తెలిశాక పుంజును ఏం చేస్తాం అన్నది మిగతా సగం. ఆ రెండో సగాన్ని వదిలేసి మొదటిదానికే జవాబు వెతికితే, ఖర్చు పెరుగుతుంది గాని పేదింటి పెరట్లో గుడ్లు పెరగవు.

లింగం ఎక్కడ తేలుతుంది

మనుషుల్లో బిడ్డ లింగం తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్‌ను బట్టి ఉంటుంది. కోళ్లలో దీనికి తిరగబడి, తల్లిని బట్టి ఉంటుంది. పుంజులో రెండు జెడ్ క్రోమోజోములు ఉంటాయి. పెట్టలో ఒక జెడ్, ఒక డబ్ల్యు ఉంటాయి. పచ్చసొన అండాశయం నుంచి విడివడే సమయానికే అందులో జెడ్ మిగలాలో డబ్ల్యు మిగలాలో తేలిపోతుంది. పుంజు బీజం ఏదైనా తెచ్చేది జెడ్డే. జెడ్ మీద ఉండే డీఎంఆర్‌టీ1 అనే జన్యువు రెండు మోతాదుల్లో ఉంటే వృషణాలు, ఒక్క మోతాదే ఉంటే అండాశయం ఏర్పడతాయని 2009లో శాస్త్రవేత్తలు ప్రయోగపూర్వకంగా చూపించారు. తెల్లసొన, పొరలు, పెంకు ఇవన్నీ ఆ తర్వాత అండవాహికలో ఒకదానిమీద ఒకటి చేరేవే. ఈ వరస గుర్తుంటే ఒక పాత నమ్మకం దానంతటదే తేలిపోతుంది. కోసుగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రని గుడ్డులో పెట్ట ఉంటాయన్న మాట గుడ్లు పొదగవేసేటప్పుడు వినబడుతూనే ఉంటుంది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ సరిగ్గా ఇందుకు ఎదురుగా, పొడుగ్గా కోసుగా ఉన్న గుడ్డు పెట్టదని రాశాడు. క్రీస్తు శకం 1వ శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా, పుంజులు కావాలంటే కోసు గుడ్లే పొదగవేయమన్నాడు. ఇద్దరూ ఒప్పు కావడం కుదరదు. నిజానికి ఇద్దరిదీ ఒప్పు కాదు. గుడ్డు ఆకారం దాన్ని పెట్టిన కోడి అండవాహికను బట్టి వస్తుంది. ఒకే పెట్ట ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే ఆకారపు గుడ్లు పెడుతుంది, వాటినుంచి పుంజులూ పెట్టలూ రెండూ వస్తాయి.

పొదిగే వేడిని మార్చి పెట్టల్ని ఎక్కువ పుట్టించవచ్చన్నది మరో ఆశ. ఈ ఆశకు ఆధారం లేకపోలేదు గాని, అది వేరే జీవిది. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా తీరానికి వచ్చి గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేళ్లలో, ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయి. వాటికి కోళ్లకున్నట్టు లింగాన్ని తేల్చే క్రోమోజోములు లేవు. కోడిగుడ్డులో మాత్రం పొదగడం మొదలుకాకముందే ఆ సంగతి తేలిపోయింది. వేడి తగ్గినా పెరిగినా పిండాలు చచ్చిపోవచ్చు, పిల్లలు నీరసంగా పుట్టవచ్చు. పుంజు పిండం పెట్టగా మారి కోళ్ల సాలకు అక్కరకు రావడం జరగదు. అందుచేత ఏ ఇంక్యుబేటర్‌లోనైనా పుంజులూ పెట్టలూ సగం సగానికి దగ్గరగానే దిగుతాయి.

సగాన్ని దాటినదే విద్య

ఈ సగం అన్న సంఖ్యే ఈ రంగంలో ఇన్ని నమ్మకాలు బతకడానికి కారణం. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీస్తే గింజుకునేది పుంజని, దారానికి ఉంగరం కట్టి గుడ్డు మీద ఆడిస్తే గుండ్రంగా తిరిగితే పెట్టని, తల పెద్దదైతే పుంజని చెప్పేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. ఏమీ తెలియనివాడు కళ్లు మూసుకుని చెప్పినా నూటికి యాభై సరిపోతాయి. అంతేకాదు, పది పిల్లల మీద గుడ్డిగా జోస్యం చెప్పేవాళ్లలో ఏడో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెప్పేవాళ్లు నూటికి 17 మంది ఉంటారు. ఇది నాణెం ఎగరేసే లెక్క. ఆ పదిహేడు మందీ తమ పద్ధతి పనిచేసిందని నిజాయితీగానే నమ్ముతారు, పదిమందికీ చెబుతారు. తప్పినవాళ్లు మాట్లాడరు. అందుకే ఏ పద్ధతినైనా ఒప్పుకునే ముందు పెట్టాల్సిన పరీక్ష చాలా సులువైనది. కనీసం 20 పిల్లల కాళ్లకు నంబర్ల రింగులు వేసి, ఊహను కాగితం మీద రాసి, మూడు నెలలు ఆగి సరిచూసుకోవాలి. ఇరవైలో పదిహేనో అంతకన్నా ఎక్కువో అదృష్టం కొద్దీ కలిసే అవకాశం నూటికి రెండు మాత్రమే. ‘మా అమ్మమ్మ ఎప్పుడూ తప్పలేదు’ అనే మాటకు ఇది సమాధానం: అమ్మమ్మను అవమానించనక్కర్లేదు, ఆమె మాటను రాసిపెట్టి చూస్తే చాలు. ఈ పరీక్షకు నిలబడ్డ పద్ధతులు పుట్టిన రోజున రెండే ఉన్నాయి. ఒకటి పిల్ల ఒంటిని చూసేది, రెండోది తల్లిదండ్రుల వంశాన్ని చూసేది.

మలద్వారం చూసి చెప్పడం

మొదటి విద్య జపాన్‌లో పుట్టింది. కియోషి మసుయి, జూరో హషిమోటో, వారి సహచరులు 1920లలో కోడిపిల్ల మలద్వారం లోపలి అంచు మీద ఉండే చిన్న బుడిపెను పరిశీలించి, దాన్ని బట్టి లింగం చెప్పవచ్చని చూపించారు. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభతో ఈ సంగతి బయటి దేశాలకు పాకింది. 1933లో మసుయి, హషిమోటోల పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. ఆ దశాబ్దంలోనే జపాన్‌లో శిక్షణ పొందినవాళ్లు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా హేచరీలకు వెళ్లి దీన్ని వృత్తిగా చేసుకున్నారు. పని జరిగే తీరు దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. బలమైన దీపం కింద కూర్చున్న మనిషి పిల్లను ఎడమచేతిలోకి తీసుకుని, పొట్టను బొటనవేలితో మెత్తగా నొక్కి, లోపలున్న రెట్టను పక్కన పెట్టుకున్న డబ్బాలోకి పోనిస్తాడు. వెంటనే పిల్లను వెల్లకిలా తిప్పి, రెండు బొటనవేళ్లూ చూపుడువేలూ కలిపి మలద్వారాన్ని పువ్వు విప్పినట్టు విప్పుతాడు. దిగువ అంచు నడుమ గుండుసూది తలంత బుడిపె కనబడుతుంది. పుంజులో అది గుండ్రంగా, గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. వేలితో రాస్తే అణగకుండా తిరిగి లేస్తుంది. పెట్టలో అది అసలు ఉండకపోవచ్చు, ఉన్నా కోసుగా, మెత్తగా, కాంతి లేకుండా ఉండి రాస్తే అణిగిపోతుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. ఆరితేరినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా చూస్తారు, నూటికి 98 సరిగ్గా చెబుతారు. పిల్ల పుట్టిన మొదటి రోజే ఇది తేలిక. తర్వాత మడతలు బిగుసుకుపోయి విప్పడమే కష్టమవుతుంది.

ఈ విద్యను మాటల్లో చెప్పలేమని, వేల పిల్లల్ని చూస్తే తప్ప రాదని చాలాకాలం అనుకున్నారు. 1987లో ఇర్వింగ్ బీడర్‌మన్, మాగీ షిఫ్రార్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు ఈ మాటను పరీక్షకు పెట్టారు. కోడిపిల్లను ఎన్నడూ పట్టుకోనివాళ్లకు 18 ఫొటోలు చూపితే నూటికి 60 మాత్రమే సరిగ్గా చెప్పారు. బుడిపె ఎక్కడ చూడాలి, ఉబ్బుగా ఉందా చదునుగా ఉందా అని చెప్పే ఒక్క పేజీ సూచనలు చదివించాక అది 84కు పెరిగింది. అవే ఫొటోలకు వృత్తి నిపుణులు 72 సాధించారు. ఈ ఫలితం చూసి విద్య సులువైందనుకుంటే పొరపాటు. ఫొటోలో బుడిపె కదలదు, కళ్ల ముందు విప్పి ఉంటుంది. చేతిలో గింజుకునే పిల్లలో దాన్ని పైకి తేవడమే అసలు కష్టం, ఆ చేతివాటం కాగితం మీద రాదు. తెలియని వేళ్లు గట్టిగా నొక్కితే పొట్టలో ఇంకా కరగని పచ్చసొన సంచి చితికి పిల్ల చచ్చిపోతుంది; చేతులు శుభ్రంగా లేకపోతే ఒక పిల్ల రోగం వందకు అంటుతుంది. కాబట్టి ఆ ప్రయోగం నుంచి నేర్వాల్సింది ఇది: చూడటం త్వరగా నేర్పవచ్చు, పట్టుకోవడం రోజూ పని ఉన్నచోటే అబ్బుతుంది.

తల్లి పోలిక కొడుక్కి, తండ్రి పోలిక కూతురికి

రెండో విద్యకు పునాది ఇంతకుముందు చెప్పిన జెడ్ క్రోమోజోమే. పెట్ట తన ఒక్క జెడ్‌ను కొడుక్కే ఇస్తుంది. కూతురికి ఇచ్చేది డబ్ల్యు. కూతురికి జెడ్ తండ్రి నుంచే రావాలి. కాబట్టి జెడ్ మీద ఉన్న లక్షణాల మటుకు కొడుకులో తల్లి పోలిక తప్పక ఉంటుంది, కూతురిది పూర్తిగా తండ్రి పోలిక. ఆ లక్షణం బలమైన రూపం తల్లిలో, బలహీనమైన రూపం తండ్రిలో ఉండేలా జతకడితే, పుట్టిన పిల్లలన్నిటిలోనూ పుంజు తల్లిలా, పెట్ట తండ్రిలా కనబడుతుంది. లోకంలో రంగు చూసి, రెక్క చూసి లింగం చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రానికి వేర్వేరు రూపాలు. అడ్డచారల ఈకలున్న ప్లిమత్ రాక్ కోళ్లలో చారల గుణం ఇలా లింగంతో ముడిపడి నడుస్తుందని 1908లోనే స్పిల్‌మన్ అనే అమెరికన్ రాశాడు. చారల పెట్టను చారలు లేని నల్లపుంజుతో కలిపితే పిల్లలన్నీ నల్లగానే పుడతాయి గాని, పుంజుపిల్ల నడినెత్తి మీద తెల్లని మచ్చ ఉంటుంది, పెట్టపిల్లకు ఉండదు. వెండిరంగు పెట్టను రోడ్ ఐలాండ్ రెడ్ వంటి బంగారురంగు పుంజుతో కలిపితే పుంజుపిల్లలు లేత పసుపుగా, పెట్టలు ఎర్రగోధుమ రంగులో వస్తాయి. కేంబ్రిడ్జిలో పన్నెట్, పీజ్ అనే శాస్త్రవేత్తలు ఒక అడుగు ముందుకేసి, తరతరానికీ పిల్లల రంగులోనే తేడా కనబడే కేంబార్ అనే జాతిని 1929లో తయారుచేశారు.

రెక్క చూసే పద్ధతి నేటి హేచరీల్లో అన్నిటికన్నా వాడుకలో ఉంది. ఒకరోజు పిల్ల రెక్కను విసనకర్రలా విప్పితే అంచు వెంబడి రెండు వరసల ఈకమొలకలు కనబడతాయి. కింది వరస ఎగిరే ఈకలది, పై వరస వాటిని కప్పే ఈకలది. ఈకలు నిదానంగా మొలిచే గుణం తల్లిలో, త్వరగా మొలిచే గుణం తండ్రిలో ఉన్న పిల్లల్లో, పెట్టకు కింది వరస స్పష్టంగా పొడుగ్గా ఉంటుంది, పుంజుకు రెండు వరసలూ సమానంగానో పై వరసే పొడుగ్గానో ఉంటుంది. చూపున్న ఎవరికైనా ఒక పూటలో వచ్చే విద్య ఇది. అయితే దీని చుట్టూ ఉన్న అపార్థమే రైతును ఎక్కువ ముంచుతోంది. సెల్‌ఫోన్‌లో వీడియో చూసి, సంతలో కొన్న నాటుకోడి పిల్లల రెక్కలు విప్పి, పొడుగు ఈకలున్నవన్నీ పెట్టలని ఏరుకుంటే ఫలితం రాదు. తల్లిదండ్రులిద్దరూ త్వరగా మొలిచే రకమైతే పుంజులకూ పెట్టలకూ ఈకలు పొడుగ్గానే ఉంటాయి. ఇద్దరూ నిదానపు రకమైతే అన్నిటికీ పొట్టిగానే ఉంటాయి. సరైన జతకు పుట్టిన పిల్లల్ని పెంచి వాటిలో వాటినే కలిపినా, మరుసటి తరంలో గుర్తు చెదిరిపోతుంది. ‘పక్కింట్లో సరిపోయింది, మా ఇంట్లో ఎందుకు సరిపోదు’ అనే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. రెక్క లింగాన్ని చెప్పదు, తల్లిదండ్రుల నుంచి ఏం వచ్చిందో చెబుతుంది. తల్లిదండ్రులెవరో తెలిసినచోటే దాని మాటకు అర్థం. పైగా నిదానపు ఈకల గుణం పక్కనే కొన్ని వంశాల్లో ఈవీ21 అనే వైరస్ శకలం పాతుకుపోయి ఉంటుంది. దానివల్ల గుడ్లు తగ్గడం, ల్యూకోసిస్ అనే కణితుల జబ్బుకు లొంగడం గమనించారు. సౌకర్యానికి చెల్లించే ధర ఇది.

వారాలు గడిచాక కనబడేవి

పుట్టిన రోజు దాటితే ప్రకృతే మెల్లగా చెప్పడం మొదలుపెడుతుంది. ఒంటి తురాయి ఉన్న జాతుల్లో నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పుంజు తురాయి, గడ్డం కింది తోలు పెరిగి ఎర్రబడతాయి. పెట్టలో అవి అప్పటికీ చిన్నగా, లేతగా ఉంటాయి. పుంజు కాళ్లు లావుగా, నిలువు ఎత్తుగా ఉంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య మెడ మీదా, తోక మొదట్లోనూ పుంజుకు సన్నగా కోసుదేరిన మెరిసే ఈకలు వస్తాయి, పెట్టకు అదేచోట కొసలు గుండ్రంగా ఉంటాయి. ఈ గుర్తుల్ని ఒక పిల్లలో విడిగా కాక, ఒకే రోజు పుట్టిన గుంపులో పక్కపక్కన పోల్చి చూడాలి. మన తెలుగువాళ్లు డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల, రసంగి అని పుంజులకు ఈకల రంగును బట్టి ఇన్ని పేర్లు పెట్టుకున్నారు, కుక్కుట శాస్త్రం అని ఒక విద్యనే కట్టుకున్నారు. ఆ చూపంతా ఎదిగిన ఈక మీద నిలిచింది, అందుకే అది నిజమైన చూపు. ఆ పేర్లలో ఏదీ ఒకరోజు పిల్లకు పనికిరాదు. అసిల్ వంటి జాతుల్లో తురాయి చిన్నగా నెత్తికి అంటుకుని ఉంటుంది గనుక ఆరు వారాలకూ సందేహం తీరకపోవచ్చు, అక్కడ ఈకల కోసం ఆగాల్సిందే.

తొందర ఎవరిది

ఇన్ని వారాలు ఆగితే తెలిసే సంగతికి పుట్టిన రోజునే అంత ఆరాటం ఎందుకు? గుడ్ల కోసమే తీర్చిదిద్దిన లేయర్ జాతుల పుంజు ఒంటికి మాంసం పట్టదు, గుడ్డు పెట్టదు. బ్రాయిలర్ ఆరు వారాల్లో ఇచ్చే మాంసం అది నెలల తరబడి తిన్నా ఇవ్వదు. కాబట్టి లేయర్ హేచరీ పుట్టిన రోజునే పుంజుల్ని విడదీసి చంపేస్తుంది, లేదా చవగ్గా వదిలించుకుంటుంది. ప్రపంచంలో ఏటా ఇలా చంపే పుంజుపిల్లలు దాదాపు 700 కోట్లని అంచనా. తెలుగు నేలలో గుడ్ల పరిశ్రమ ఎంత పెద్దదో, ఆంధ్రప్రదేశ్ దేశంలోనే గుడ్ల ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రమని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ ప్రశ్న మనదీ. జర్మనీ 2022 జనవరి 1 నుంచి పుంజుపిల్లల్ని ఇలా చంపడాన్ని చట్టంతో ఆపింది, ఫ్రాన్స్ కూడా అదే దారి పట్టింది. దాంతో గుడ్డులోనే లింగం చెప్పే యంత్రాలు వచ్చాయి. కొన్ని గుడ్డులోని ద్రవాన్ని చుక్కంత తీసి హార్మోన్లనో జన్యువులనో చూస్తాయి, కొన్ని పెంకు గుండా కాంతి పంపి లోపలి ఈకల రంగు చదువుతాయి. ఇవన్నీ లక్షల గుడ్ల మీద ఖర్చు పంచుకోగల పరిశ్రమకు తగినవి. తేలేదేమంటే, పుట్టిన రోజు తొందర కోడిపిల్లది కాదు, పుంజును పనికిరానిదిగా చేసిన జాతిది. పుంజుకూ విలువున్న జాతిని ఎంచుకున్నవాళ్లకు ఆ తొందర సగం తీరిపోతుంది.

డాలీగంజ్‌కు ఏది తగును

దీవుల్లో పెంచదగిన కోళ్లు చాలావరకు ఆ రకమే. నికోబారీ ఇక్కడి సొంత జాతి; పొట్టి కాళ్లు, గుండ్రని ఒళ్లు, నలుపు, తెలుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది, దేశవాళీ కోళ్లలో ఎక్కువ గుడ్లు పెట్టేవాటిలో ఒకటి. శ్రీవిజయపురంలోనే ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ దీన్ని కాపాడి పెంచుతోంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తీర్చిన వనరాజా పెరటి పెంపకంలో ఏడాదికి 100 గుడ్ల దాకా పెడుతుంది, దాని పుంజు మూడు నెలలలోపే కిలో దాటి మాంసానికి వస్తుంది. ఇలాంటి జాతుల్లో పుంజు నష్టం కాదు, ఇంటికి మరో రాబడి. మరి పుంజూ పెట్టా కలిపి ఇచ్చేస్తే సరిపోతుందా? సరిపోదు, అందుకు లెక్కే సాక్ష్యం. ఒక్కో ఇంటికి పదేసి ఒకరోజు పిల్లల్ని ఏరకుండా ఇస్తే, ఇంచుమించు 18 ఇళ్లలో ఒక ఇంటికి రెండో అంతకన్నా తక్కువో పెట్టలు వస్తాయి. ఎవరి మోసమూ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగా జరిగే పంపకం ఇది. గుడ్ల మీద ఆశపెట్టుకున్న ఆ ఇంటి ఇల్లాలికి మాత్రం అది మోసంలాగే కనబడుతుంది, మళ్లీ కోళ్ల జోలికి పోదు. కాబట్టి లింగ నిర్ధారణ ఇక్కడ అవసరమే. చేయాల్సిన వయసు మాత్రం ఆరు వారాలు. వనరాజా వంటి పిల్లల్ని ఆరు వారాల దాకా బ్రూడర్ వెచ్చదనంలో, టీకాలు వేసి పెంచి ఆ తర్వాతే పెరట్లోకి వదలమని నిపుణులు ఎలాగూ చెబుతారు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన కురిసే ఈ తడి నేలలో ఆ జాగ్రత్త ఇంకా ముఖ్యం. బ్రూడర్ నుంచి బయటికొచ్చే వయసూ, తురాయి నిజం చెప్పే వయసూ ఒకటే కావడం మన అదృష్టం. ఆ రోజున గుంపును ఏరి, ఇంటికి ఇన్ని పెట్టలు, ఒక పుంజు అని పంచితే ఏ నిపుణుడూ అక్కర్లేదు.

దీనికి బలమైన అభ్యంతరం దాణా ఖర్చు. దీవులకు దాణా సరుకు చాలావరకు సముద్రం దాటి ఓడల్లో రావాలి. ఆరు వారాలు పుంజుల్ని కూడా మేపడం వృథా కాదా? లేయర్ జాతి అయితే నిజంగా వృథాయే, ఆ జాతిని తెప్పించేవాళ్లు బయటి హేచరీలో ఏరిన పెట్టల్నే కొనాలి. రెండు రకాలకూ పనికొచ్చే జాతిలో ఆ దాణా పుంజు ఒంటి మీదే ఉంటుంది, అమ్మినప్పుడు తిరిగి వస్తుంది. రెండో అభ్యంతరం, మలద్వారం చూసే నిపుణుణ్ణి డాలీగంజ్‌లోనే తయారుచేసుకోవచ్చు కదా అన్నది. ఆ విద్య రోజూ వేల పిల్లలు చేతిలో పడితేనే నిలుస్తుంది. విడతకు కొన్ని వందలో వేలో పిల్లలు దిగే చోట చేతివాటం మొద్దుబారుతుంది, తప్పులతో పాటు చావులూ పెరుగుతాయి. మూడోది, చారల పెట్టకు నల్ల నికోబారీ పుంజును జతచేసి నెత్తిమచ్చల పిల్లల్ని పుట్టించవచ్చు కదా అన్న ఆలోచన. సూత్రరీత్యా తప్పులేదు. కానీ ఆ పిల్లలు సంకరాలు, వాటి తర్వాతి తరంలో గుర్తు నిలవదు, ఊళ్లో కలిసిపోతే సొంత జాతి పలచబడుతుంది. 2004 డిసెంబరు 26 సునామీ నికోబార్ ఊళ్లను ముంచినప్పుడు మనుషులతో పాటు ఆ కోళ్లూ పోయాయి. అలాంటి జాతిని ఒక తెల్లమచ్చ సౌకర్యం కోసం పణంగా పెట్టకూడదు. ఆ ప్రయోగం చేస్తే ఫారం కంచె లోపలే, స్వచ్ఛమైన మందను విడిగా ఉంచి చేయాలి.

నాలుగో అభ్యంతరం దూరానిది, అది న్యాయమైనదే. ఒకరోజు పిల్ల పొట్టలోని పచ్చసొన మీద రెండు మూడు రోజులు బతుకుతుంది, అట్టపెట్టెలో వంద పిల్లలు ప్రయాణం చేస్తాయి. ఆరు వారాల పిల్లలకు బుట్టలు, మేత, నీళ్లు కావాలి. సుమారు 270 కిలోమీటర్ల అవతలి కార్ నికోబార్‌కో, ఇంకా దిగువన క్యాంప్‌బెల్ బేకో వాటిని ఓడలో పంపడం కష్టమే. అయితే దీనికి విరుగుడు దేశంలో వాడుకలోనే ఉంది. గ్రామీణ పెరటి కోళ్ల పథకాల్లో మదర్ యూనిట్ అనే చిన్న పెంపక కేంద్రం ఒకరోజు పిల్లల్ని తీసుకుని నాలుగు వారాలు పెంచి ఇళ్లకు ఇస్తుంది. ఆ పద్ధతినే దీవిదీవికీ తీసుకుపోయి, మహిళా సంఘం చేతిలో పెట్టి, గడువు ఆరు వారాలకు పెంచితే చాలు. పిల్లలు డాలీగంజ్ నుంచి మొదటి రోజే కదులుతాయి. ఏరడం, పంచడం చేరిన చోట జరుగుతుంది. పిల్లల్ని పెంచిన స్త్రీలే తురాయి చూసి ఏరగలరు గనుక, విద్య కూడా ఆ ఊళ్లోనే ఉండిపోతుంది.

కోడిపిల్లను పుట్టిన రోజే గుర్తించే విద్య మనిషి చూపుకు, వేలికొసకు, జన్యుశాస్త్రానికి ఘనమైన విజయం. వేల పిల్లల హేచరీలో, వంశం తెలిసిన మందలో దాని అవసరం కాదనలేనిది. పెరటి కోళ్లకు మాత్రం కొలత వేరు. ఫారాల అధికారులకు, పిల్లల్ని పంచే పథకాలకు ఈ వ్యాసం చేసే మనవి ఒక్కటే: పంచే ముందు ఆరు వారాలు ఆగండి, ఏరి ఇవ్వండి, ఇంటికి ఎన్ని పెట్టలు ఇచ్చారో కార్డు మీద రాయండి. పిల్లల్ని కొనే ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవాల్సింది కూడా ఒక్కటే. మొదటి రోజున ‘ఇది పెట్టే’ అని ఎవరైనా ఘంటాపథంగా చెబితే, దాని తల్లిదండ్రులు ఏ జాతివో అడగండి. జవాబు లేకపోతే, అతను చెప్పేది సగం పాళ్లు ఊహ.